ఎనిమిదో తరగతి మీసాలు

మా ఊళ్లో ఎనిమిదో తరగతి కుర్రాళ్లకి నేను గడ్డం గీస్తాను. నవ్వకండి. టార్బెట్‌లో క్షౌరశాల నాదొక్కటే. టెక్సాస్‌లో ఈ మూల, ఈ పత్తి చేల మధ్య ఇంకో దుకాణం కావాలంటే చాలా దూరం బండి తోలుకుంటూ పోవాలి. అందుకే ఎవరి బట్టతల ఎక్కణ్ణుంచి మొదలైందో, ఎవరు జుట్టుకి రంగేసుకుని లేదని బుకాయిస్తున్నారో, ఏ కుర్రాడికి ఎప్పుడు మీసం మొలిచిందో అన్నీ నాకు తెలుసు. మా రోజుల్లో ఎనిమిదో తరగతి అంటే ఇంకా గొంతు కూడా మారని పిల్లలు. ఇప్పుడు వాళ్లలో సగం మంది నా కుర్చీలో దర్జాగా కూర్చుని, చెంపల దగ్గర కాస్త సన్నగా దించమని అడుగుతున్నారు.

ఇదేదో మా ఊరి నీళ్ల మహిమ కాదు, ఫుట్‌బాల్ మహిమ. మా ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నడం తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెత్తడం ఎక్కువ. బంతిని చంకలో ఇరికించుకుని బాగా పరిగెత్తే పిల్లాడు కనిపిస్తే చాలు, ఎనిమిదో తరగతి శుభ్రంగా పాసైనా సరే, ఇంట్లోవాళ్లు వాణ్ణి ఇంకో ఏడాది అదే తరగతిలో కూర్చోబెడతారు. చదువు రాక కాదు. ఏడాది ఆగితే ఒళ్లు చేస్తాడు, పొడుగవుతాడు, హైస్కూలుకి వెళ్లేసరికి తోటివాళ్లకంటే ఓ ఏడు పెద్దవాడై ఉంటాడు. కాలేజీలవాళ్లు వచ్చి చూసి, ఈ తరగతికి వీడు భలే గట్టివాడే అని ఫీజు లేని చదువిచ్చి ఎగరేసుకుపోతారని ఆశ. దీన్ని మా ఊళ్లో 'ఆపడం' అంటారు. మీవాణ్ణి ఆపావా అని, మీవైపు వాన పడిందా అన్నంత మామూలుగా అడుగుతారు.

మొదట్లో మావాళ్లు ఒకరిద్దర్ని ఆపారు. అది చూసి పక్క ఊరు డెల్‌రోజ్ వాళ్లు ఇంకో ఇద్దర్ని ఎక్కువ ఆపారు. దాంతో మావాళ్లకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇప్పుడు రెండు ఊళ్లూ పోటీలు పడి ఆపుతున్నాయి, గెలుపోటములు మాత్రం ఎప్పటిలాగే చెరిసగం. డెల్‌రోజ్ కుర్రాడెవడైనా మరీ దున్నపోతులా కనిపిస్తే మావాళ్లంతా మైదానం పక్కన కూర్చునే మెట్ల మీద లేచి నిలబడి "పుట్టిన తేదీ కాగితం చూపించండి" అని అరుస్తారు. మావాడు కనిపిస్తే వాళ్లూ అదే అరుస్తారు. ఇదే వరస సాగితే కొన్నాళ్లకి ఎనిమిదో తరగతి ఆటగాళ్ల పెళ్లాలు మెట్ల మీద కూర్చుని పిల్లలకి పాలు పడుతూ ఆట చూస్తారని నేనంటే దుకాణంలో అందరూ పగలబడి నవ్వారు. మా అల్లుడు ర్యాండల్ మాత్రం నవ్వలేదు. వాడి మనసులో ఏముందో నాకు అప్పుడే తెలిసిపోయింది.

ర్యాండల్ మంచివాడు. పత్తి పండిస్తాడు, ఆదివారం చర్చిలో నిద్రపోతాడు, మా అమ్మాయి నాడీన్‌ని బాగా చూసుకుంటాడు. వాడు పుట్టింది ఆగస్టు చివర్లో, మా బళ్లలో వయసు లెక్క సెప్టెంబరు ఒకటికి కడతారు కాబట్టి తరగతిలో అందరికంటే చిన్న. అందుకే హైస్కూలు రోజులన్నీ బెంచీ మీదే గడిచాయి. ఆ బెంచీ కథలు మా ఇంట్లో వినని పండగ లేదు. ఒకసారి పక్కన కూర్చున్న గాబీ అనేవాడు తన బ్రిస్కెట్ మాంసం శాండ్‌విచ్ తెచ్చి ర్యాండల్ హెల్మెట్‌లో దాచాడట. అదే రోజు, ఎప్పుడూ పిలవని కోచ్ వీణ్ణి లోపలికి వెళ్లమన్నాడు. వీడు కంగారులో చూసుకోకుండా హెల్మెట్ తగిలించుకుని పరిగెత్తాడు. ఎర్రటి సాస్ మొహం మీద నుంచి కారుతుంటే, తల పగిలిందనుకుని డాక్టరు కూడా పరిగెత్తుకొచ్చాడు. ఈ కథ చెప్పి చెప్పి, చివర్లో నిట్టూర్చి, "ఒక్క ఏడాది పెద్దవాణ్ణై ఉంటే నా బతుకు వేరేగా ఉండేది మావయ్యా" అనేవాడు.

వాడి కొడుకు వెస్లీ కూడా ఆగస్టులోనే పుట్టాడు. చూశారా మరి.

వెస్లీ చురుకైనవాడు. ఎనిమిదిలో మార్కులు కూడా బాగా వచ్చాయి. ఆ మే నెలలో ర్యాండల్ బడికి వెళ్లి, మావాణ్ణి ఆపండి అని సంతకం పెట్టేసి వచ్చాడు. ప్రిన్సిపాల్‌కి కూడా ఫుట్‌బాల్ పిచ్చే కాబట్టి కాదనలేదు. రాత్రి భోజనాల దగ్గర చెబితే నాడీన్ మొహం మాడ్చుకుంది. వెస్లీ "సరే నాన్నా" అని ప్లేటు తీసుకెళ్లి సింకులో పెట్టి తన గదిలోకి పోయాడు. ఆగస్టులో బడి తెరవగానే, వాడితో పాటు ఒకటో తరగతి నుంచి చదివిన పిల్లలంతా రోడ్డుకి అటువైపున్న హైస్కూలుకి వెళ్లిపోయారు. వీడు ఇటువైపే ఉండిపోయాడు. మధ్యాహ్నం భోజనం వేళ కంచె దగ్గర నిలబడి అటువైపే చూస్తుంటాడని వాళ్ల టీచరు నా దుకాణానికి వచ్చే తన భర్తతో చెప్పి పంపింది.

ఆ వేసవిలోనే వాడు పొడుగు సాగాడు. భుజాలు విచ్చుకున్నాయి. సెప్టెంబరు వచ్చేసరికి ఎనిమిదో తరగతి జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తే స్థానం వీడిదైంది. అంతకుముందు ఆ స్థానం తనకే వస్తుందని ఎదురుచూసిన కుర్రాడు ఎఫ్రయిన్ అరెడోండో. పదమూడేళ్లవాడు, చురుగ్గా, సన్నగా ఉంటాడు. వాళ్ల నాన్న పత్తి మిల్లులో పని చేస్తాడు. ఆయన నా దగ్గరికే వస్తాడు. ఒక శనివారం కుర్చీలో కూర్చుని, తన కొడుకునీ ఒక ఏడు ఆపమని ఎనిమిదో తరగతి కోచ్ హటో సలహా ఇచ్చాడని చెప్పాడు. ఆపుతావా అని అడిగాను.

"ఎందుకాపాలి పెద్దాయనా?" అన్నాడాయన. "పాసైనవాణ్ణి పట్టుకుని నువ్వు పాసవలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

నేను కత్తెర ఆడిస్తూ పోయాను. ఆయన కొడుకు స్థానం లాక్కున్నది నా మనవడే కదా, ఏమనగలను? అదీకాక మనవడు పరిగెడుతుంటే నా కడుపు నిండిపోతున్న మాట దాచలేను. జనం వాడి పేరు పెట్టి కేకలేస్తుంటే, వాడు నా మనవడేనని పక్కవాళ్లకి తెలిసినా మళ్లీ చెప్పేవాణ్ణి.

డెల్‌రోజ్‌తో ఆట మా ఊళ్లోనే జరిగింది. వెస్లీ బంతి అందుకుని పక్కకి తప్పుకుని, పక్క గీత వెంబడి దూసుకుపోయాడు. అడ్డంగా ఒకే ఒక్క పిల్లాడు మిగిలాడు. వాడి తలకంటే హెల్మెట్ పెద్దది. పాపం, పారిపోకుండా నిలబడ్డాడు. వెస్లీ వాణ్ణి ఢీకొట్టి, వాడి మీదుగానే వెళ్లి, పాయింట్లు తెచ్చే చివరి గీత దాటాడు. మావైపు మెట్లన్నీ దద్దరిల్లాయి. అటువైపు నుంచి "పుట్టిన తేదీ కాగితం" కేక లేచింది. పోయినేడు అదే కేక వేసి గొంతు పోగొట్టుకున్న ర్యాండల్‌కి ఈసారి ఒళ్లు మండింది. ఏం మనుషులో, ఓర్వలేరు అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ పైకి నవ్వలేదు.

కింద పడ్డ పిల్లాడికి కాసేపు ఊపిరాడలేదు. వెస్లీ వెనక్కి వచ్చి చెయ్యిచ్చి లేపాడు. హెల్మెట్ తీస్తే లోపల ఇంకా పాలుగారే మొహం, పళ్లకి తీగలు. దెబ్బ తగిలిందా అని వెస్లీ అడిగాడట. ఆట అయ్యాక వెస్లీని నా బండిలో ఇంటికి తీసుకొస్తుంటే, వాడిది గెలిచినవాడి మొహంలా లేదు. ఏమైందిరా అని కదిపితే అప్పుడు చెప్పాడు.

"వాడు నన్ను సార్ అన్నాడు తాతా. లేదు సార్, బానే ఉన్నాను సార్ అన్నాడు."

మావైపు పిల్లలకి పెద్దవాళ్లని సార్ అనడం ఉగ్గుపాలతో వస్తుంది. టీచర్లని, పోలీసుల్ని, పెట్రోలు బంకులో ముసలివాళ్లని, నన్ను, అందర్నీ అంటారు. తోటి ఆటగాణ్ణి మాత్రం ఎవడూ అనడు. ఆ పిల్లాడు ఎగతాళికి అనలేదు. ఎదురుగా ఒక పెద్దమనిషి కనిపించాడు, నోటికి అలవాటైన మాట వచ్చేసింది. పోనీలేరా, మర్యాద తెలిసిన పిల్లాడు అన్నాను. వెస్లీ కిటికీలోంచి పత్తి చేలవైపు చూస్తూ ఉండిపోయాడు.

తర్వాతి వారం ఆటకి పెద్ద ఊరి ప్రైవేటు స్కూలు నుంచి ఒకాయన వచ్చాడు. కొత్త టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కంచె దగ్గర నిలబడ్డాడు. మంచి ఆటగాళ్లని చిన్నప్పుడే ఏరుకుపోయే మనిషని కాసేపట్లో మెట్లన్నీ చెవులు కొరుక్కున్నాయి. ర్యాండల్ ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెళ్లికి కూడా అంత శ్రద్ధగా తయారవలేదని నాడీన్ నా చెవిలో అంది.

వెస్లీకి బంతి వచ్చింది. ఇద్దర్ని తప్పించుకున్నాడు. ఖాళీ మైదానం, ఎదురుగా ఒక చిన్న పిల్లాడు. అందరం లేచి నిలబడ్డాం. వాడు ఆ పిల్లాడి దాకా వచ్చి, ఆగి, నెమ్మదిగా ఒక మోకాలు గడ్డి మీద ఆనించాడు. మా ఆటలో బంతి పట్టుకున్నవాడు మోకాలు ఆనిస్తే ఈ పరుగు ఇక్కడితో ఆపేశాను అని ఒప్పుకున్నట్టే. విజిల్ మోగింది. కాలు బెణికిందేమో అనుకున్నాం. మళ్లీ బంతి వచ్చింది. మళ్లీ పరిగెత్తాడు, ఇంకో చిన్నవాడు ఎదురొచ్చాడు, మళ్లీ మోకాలు. ఈసారి మెట్ల మీద గుసగుసలు మొదలయ్యాయి. మూడోసారి కూడా అదే చేసేసరికి కోచ్ హటో వాణ్ణి చొక్కా పట్టుకుని బయటికి లాగేశాడు. వాడి బదులు ఎఫ్రయిన్ వెళ్లాడు. నల్ల కళ్లద్దాలాయన తన బండివైపు నడిచాడు. ర్యాండల్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ రోజు నాడీన్ వంటింట్లో నలుగురం కూర్చున్నాం. వేయించిన మాంసం, గ్రేవీ, మెదిపిన ఆలుగడ్డలు అన్నీ బల్ల మీద చల్లారిపోతున్నాయి. ర్యాండల్ అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఎందుకు చేశావని మాత్రం అడిగాడు.

"ఎదురుగా ఎవరూ లేరు నాన్నా," అన్నాడు వెస్లీ.

"లేకపోవడమేంట్రా? జట్టు జట్టంతా ఉంది కదా."

"వాళ్లు ఎనిమిదో తరగతి వాళ్లు."

"మరి నువ్వో?"

"నేను పాసయ్యాను నాన్నా. నీకూ తెలుసు."

ర్యాండల్ ఫోర్కు కింద పెట్టాడు. తర్వాత చాలాసేపు వాడే మాట్లాడాడు. అందులో చాలా భాగం నాకు తప్పనిపించలేదు. పత్తి ధర దేవుడి చేతిలో ఉంది, వాన కూడా ఆయన చేతిలోనే ఉంది, కొడుకుని పెద్ద చదువు చదివించే దారి తన చేతిలో ఇదొక్కటే ఉందన్నాడు. ఊరంతా ఆపుతుంటే తనొక్కడూ పెద్దమనిషి తరహాలో ఊరుకుంటే, నష్టపోయేది తను కాదు, వీడే అన్నాడు. ఇందులో అన్యాయం ఉందని తనకీ తెలుసని, కానీ ఆ అన్యాయం తను మొదలుపెట్టలేదని అన్నాడు. నిజం చెప్పాలంటే దానికి నా దగ్గర ఇప్పటికీ సగం జవాబే ఉంది.

అప్పుడు నాడీన్ నోరు విప్పింది. నా కూతురు తక్కువ మాట్లాడుతుంది, వాళ్లమ్మ పోలిక.

"ర్యాండ్, నీ హెల్మెట్‌లో శాండ్‌విచ్ పెట్టిందెవరు?"

వాడు బిత్తరపోయాడు. "గాబీ," అన్నాడు.

"పోయినేడు వడగళ్లకి మన ఇంటి కప్పు చిల్లులు పడితే తెల్లారేసరికి నిచ్చెన తెచ్చుకుని వచ్చిందెవరు?"

వచ్చింది గాబీయే, వాడితో పాటు ఇంకో ఇద్దరు వచ్చారు. ముగ్గురూ ఆ బెంచీవాళ్లే. ఆ సంగతి నాకూ అప్పుడే తట్టింది.

"నువ్వు ఆ కథ చెప్పి ప్రతిసారీ నిట్టూరుస్తావు," అంది నాడీన్. "కానీ చెబుతున్నంతసేపూ నవ్వుతూనే ఉంటావు. నీకు బెంచీ ఉండేది, దాని మీద నీ వాళ్లుండేవాళ్లు. వీడికి బెంచీ కూడా లేకుండా చేశాం."

వెస్లీ ఆలుగడ్డల గిన్నె తీసుకుని, తండ్రి ప్లేట్లో వడ్డించి, తర్వాత తన ప్లేట్లో వడ్డించుకున్నాడు. ర్యాండల్ తిన్నాడు. తిన్నాక బయటికి వెళ్లి, చాలాసేపు ట్రాక్టరుకి ఏదో మరమ్మతు చేస్తున్నట్టు చప్పుళ్లు చేశాడు. ఆ ట్రాక్టరుకి ఏ రోగమూ లేదని నాకు తెలుసు.

సోమవారం వాడు బడికి వెళ్లి కొడుకుని తొమ్మిదిలోకి పంపమని సంతకం పెట్టాడు. ప్రిన్సిపాల్ ముక్కున వేలేసుకున్నాడట. సీజను మధ్యలో ఇదేం పనని కోచ్ హటో నా దుకాణానికొచ్చి మరీ గింజుకున్నాడు. ఆయన మెడ మీద కత్తి ఉంది కాబట్టి నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. దుకాణంలో కొందరు ర్యాండల్‌కి మతిపోయిందన్నారు. ఒకరిద్దరు మాత్రం అందరూ వెళ్లేదాకా ఉండి, మావాణ్ణి కూడా ఆపకుండా ఉండాల్సిందేమో అని గొణిగారు. ఎఫ్రయిన్ నాన్న అరెడోండో కూడా వచ్చాడు. జుట్టు కత్తిరించుకుని వెళ్తూ వెళ్తూ, వాళ్లావిడ మొక్కజొన్న పిండిలో మాంసం పెట్టి, ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలేలు ఒక పొట్లం బల్ల మీద పెట్టి పోయాడు. మీద చుట్టిన మొక్కజొన్న పొత్తు ఆకులు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఎఫ్రయిన్ ఆ వారం మూడుసార్లు గీత దాటాడు. గాలిలా పరిగెత్తాడా పిల్లాడు, నేను కూడా పేరు పెట్టి కేకలేశాను.

ఇక మావాడి సంగతి. తొమ్మిదో తరగతిలో వాడు ఎవరి లెక్కలోకీ రాలేదు. అక్కడ ఆపి పంపిన కుర్రాళ్లు కొండల్లా ఉన్నారు, ఆపనివాళ్లు కూడా వీడికి తీసిపోరు. వీడి స్థానంలో వీడికంటే ముందు ఇద్దరున్నారు. గురువారం సాయంత్రాలు మెట్ల మీద మేం ముగ్గురం కూర్చుని, వాడు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం చూసేవాళ్లం. చిన్నప్పటి స్నేహితులు వాడికి అటూ ఇటూ కూర్చుని ఒకరినొకరు మోచేతులతో పొడుచుకునేవాళ్లు. ఏం మాట్లాడుకునేవాళ్లో గానీ ఒకటే నవ్వులు. కోచ్ రెండుసార్లు వెనక్కి తిరిగి కసిరాడు. నాకు హాయిగా ఉండేది. ర్యాండల్ మొదటి రెండు వారాలు మైదానం వంకే చూశాడు. తర్వాత వాడి కళ్లు కూడా బెంచీ వైపు తిరగడం మొదలైంది.

అక్టోబరు చివర్లో మా ఊళ్లోనే డెల్‌రోజ్ తొమ్మిదో తరగతితో ఆట. మావాళ్లు ఓడిపోవడం ఖాయమయ్యాక, ఇక పోయేదేముంది అనుకున్నాడేమో, కోచ్ వెస్లీని పంపాడు. మొదటిసారే బంతి చేతికొచ్చింది. పక్కకి తప్పుకున్నాడు, పక్క గీత వెంబడి తిరిగాడు, నేను లేచి నిలబడ్డాను. ఎటునుంచి వచ్చాడో ఒక డెల్‌రోజ్ కుర్రాడు, వీడి ఈడువాడే, వీడి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడే, వచ్చి నడుం దగ్గర గుద్దాడు. మావాడి కాళ్లు రెండూ నేల విడిచాయి. వెల్లకిలా పడిన చప్పుడు మెట్ల దాకా వినిపించింది. నాడీన్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ర్యాండల్ అప్పటికే రెండు మెట్లు దిగేశాడు.

వెస్లీ లేచాడు. హెల్మెట్ ముందు కమ్మీల్లో గడ్డి ఇరుక్కుని ఉంది. బంతి మాత్రం చంకలోనే ఉంది. ఇంకోసారి తనకే ఇవ్వమని చేత్తో సైగ చేశాడు. ఇచ్చారు. అదే కుర్రాడు మళ్లీ ఎదురొచ్చాడు, మోకాలు వంగలేదు, ఇద్దరూ గుద్దుకుని పక్కపక్కనే దొర్లారు. అంతలో ఆట ముగిసింది. ఓడిపోయాం, ఘోరంగానే ఓడిపోయాం.

ఇంటికి వెళ్లేటప్పుడు నలుగురం ర్యాండల్ పెద్ద బండిలోనే ఎక్కాం. వెస్లీ నా పక్కన కూర్చుని చెమట కంపు కొడుతూ ఒకటే వాగుడు. వాణ్ణి ఎలా తప్పించాలో తెలిసిందట, ఎడమ భుజం ముందుకొచ్చినట్టు నమ్మించి కుడివైపు కోసుకుపోతే దొరకడట. ఆ కుర్రాడు చాలా గట్టివాడట, చాలా మంచివాడట కూడా, చివర్లో వీడి వీపు చరిచాడట. మే నెల నుంచి మా ఇంట్లో వినపడని గొంతు అది. నాడీన్ అద్దంలోంచి వాణ్ణే చూస్తోంది.

"డెల్‌రోజ్‌తో మళ్లీ ఎప్పుడు నాన్నా?" అని అడిగాడు.

ర్యాండల్ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, "ఇంకెక్కడ, వచ్చే ఏడాదే," అన్నాడు.

"ఏడాదా?" వెస్లీ సీట్లో వెనక్కి జారగిలబడ్డాడు. "ఏడాదంటే ఎంత ఎక్కువో తెలుసా నాన్నా నీకు?"

ర్యాండల్ మా వీధి మలుపు తిప్పి, ఇంటి ముందు బండి ఆపి, తాళం తీశాడు.

"ఇప్పుడు తెలిసిందిరా," అన్నాడు.